పిల్లి కంటి చుట్టూ చర్మం ఎర్రబడితే: కారణం పట్టుకోవడం నుంచి ఇంటి సంరక్షణ దాకా

పిల్లి కంటి చుట్టూ చర్మం ఎర్రబడినా, వెంట్రుకలు ఊడినా, పక్కులు కట్టినా మనకు మొదట వచ్చే ఆలోచన ఒకటే: ఏం రాయాలి? ఈ గైడ్‌లో ఆ ప్రశ్నను బాగా వెనక్కి నెట్టాను. ముందు తేల్చుకోవాల్సింది ఆ మంట ఎక్కడి నుంచి వస్తోందన్నది. కంటి చుట్టూ కనిపించే చాలా సమస్యలకు మూలం ఆ చర్మంలో ఉండదు. కంట్లోంచి రోజుల తరబడి నీరు కారితే రెప్ప కింద చర్మం ఒరిసిపోతుంది. చెవిలో పురుగులు చేరి దురద పుడితే పిల్లి వెనక కాలితో గోక్కుంటుంది, ఆ గోరు కంటి పైభాగాన్ని గీరుతుంది. నడుము దగ్గర కుట్టిన ఫ్లీ (వెంట్రుకల్లో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగు) వల్ల వచ్చిన ఎలర్జీ ముఖం మీద పొక్కులుగా తేలవచ్చు. మూలం తెలియకుండా పైన ఏదో రాస్తే పిల్లి దాన్ని పంజాతో తుడుచుకుని నాకుతుంది, కొంత కంట్లోకి పోతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది.

ఇంట్లో మనం భద్రంగా చేయగలిగిన పనులు నాలుగు: జాగ్రత్తగా చూడటం, శుభ్రం చేయడం, గోక్కోకుండా ఆపడం, చుట్టుపక్కల కారణాలను తీసేయడం. తేలికపాటి ఎరుపు, పుసి వీటితోనే చాలావరకు సర్దుకుంటాయి. మందు ఎంచుకోవడం మాత్రం వెటర్నరీ డాక్టర్ పని.

మొదటి అడుగు: చర్మం కంటే ముందు కన్ను

పిల్లిని పట్టుకోకముందే, వెలుతురు బాగా ఉన్న చోట అది కూర్చుని ఉండగా కాస్త దూరం నుంచి చూడండి. పట్టుకున్నాక ఏ పిల్లైనా కళ్లు చికిలిస్తుంది కాబట్టి అప్పుడు చూసినదాన్ని బట్టి ఏమీ చెప్పలేం. రెండు కళ్లూ సమానంగా తెరుచుకున్నాయా? ఒకటి అరమూతగా ఉందా? రెప్పలు మరీ ఎక్కువగా కొట్టుకుంటోందా? వెలుతురు పడగానే మొహం తిప్పేసుకుంటోందా? కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర ఒకటి సగం దాకా వచ్చి నిలిచిందా? ఆ పొర పిల్లులకు సహజంగా ఉండే మూడో రెప్ప. మామూలుగా కనిపించదు. కంటికి నొప్పి కలిగినప్పుడు, ఒక్కోసారి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా బయటికి వస్తుంది.

హాయిగా ఉన్న పిల్లి రెండు కళ్లూ మెల్లగా మూసి తెరవడం వేరు. ఒక్క కన్నే చికిలించి ఉంచిందంటే అక్కడ నొప్పి ఉన్నట్టే లెక్క. పిల్లులు నొప్పిని బాగా దాచుకుంటాయి. తింటోంది, ఆడుతోంది కాబట్టి పరవాలేదులే అనుకోవడానికి వీల్లేదు. కార్నియా మీద, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర మీద, చిన్న గీత పడినా అది ఇన్ఫెక్షన్‌తో ఒకటి రెండు రోజుల్లో లోతైన పుండుగా మారగలదు. అందుకే ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం మాట పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

• ఒక కన్ను మూసే ఉంచడం, లేదా కళ్లను పంజాతో ఆపకుండా రుద్దుకోవడం
• కంటి మీద నీలంగానో తెల్లగానో మసక కమ్మడం
• కంటిపాపలు ఒకటి చిన్నగా ఒకటి పెద్దగా ఉండటం
• కంట్లోంచి రక్తం, లేదా చిక్కటి పచ్చ చీము రావడం
• కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండటం
• ముఖం ఒక్కసారిగా వాచిపోవడం, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడటం
• దాదాపు ఒక రోజంతా ఏమీ తినకపోవడం

చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లి వరసగా కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోతే పిల్లి తిండి ముట్టదు కాబట్టి, కంటి జబ్బుతో పాటు జలుబు ఉన్నప్పుడు ఎంత తింటోందో రోజూ గమనించాలి.

కంట్లో క్లీనింగ్ లిక్విడ్ లాంటి రసాయనం పడితే ముందు కడగండి. సెలైన్ ఉంటే సెలైన్, లేకపోతే శుభ్రమైన గోరువెచ్చని నీరు, కనీసం 15 నిమిషాలు మెల్లగా పోస్తూ ఉండాలి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. ఏం పడిందో చెప్పడానికి ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

పిల్లికూనల సంగతి వేరు. అవి పుట్టిన 7 నుంచి 14 రోజుల్లో కళ్లు తెరుస్తాయి. ఇంకా తెరుచుకోని రెప్పల వెనక ఉబ్బుగా ఉన్నా, సందులోంచి చీము కారుతున్నా లోపల ఇన్ఫెక్షన్ పేరుకుంటోందని అర్థం. దాన్ని బయటికి తీయకపోతే కన్నే పోవచ్చు. కళ్లు తెరిచిన కూన రెప్పలు మళ్లీ పుసితో అతుక్కుపోతే బలవంతంగా విడదీయకుండా తడిగుడ్డతో నానబెట్టి తీయండి, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

జబ్బు కానివి

కంటికీ చెవికీ మధ్య వెంట్రుకలు పలచగా ఉండటం పిల్లుల్లో మామూలే. ముదురు రంగు, పొట్టి వెంట్రుకల పిల్లుల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండి, చర్మం నున్నగా, ఎరుపు లేకుండా ఉంటే కంగారు అక్కర్లేదు. నిద్ర లేచాక కంటి మూలలో చిన్న గోధుమరంగు పుసి కూడా సహజమే. నారింజ రంగు పిల్లులకు వయసు పెరిగేకొద్దీ రెప్పల అంచులు, ముక్కు, పెదాల మీద నల్లటి చుక్కలు వస్తాయి. వీటిని లెంటిగో అంటారు. చదునుగా ఉంటాయి, దురద పెట్టవు, వాటి వల్ల హాని లేదు. చుక్క ఉబ్బెత్తుగా మారినా, పుండు పడినా అది లెంటిగో అనుకోకుండా చూపించాలి.

రెండో అడుగు: కారణం వెతకడం

కన్ను బాగానే ఉంది, ఇబ్బంది చర్మంలోనే ఉందని తేలాక కారణం కోసం చూడాలి. నేనైతే మూడు ప్రశ్నలతో మొదలుపెడతాను. తడిగా ఉందా, పొడిగా ఉందా? ఒక వైపేనా, రెండు వైపులా? దురద ఉందా, లేదా? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం దారి తెలిసిపోతుంది.

తడిగా ఉంటే ముందు అనుమానించాల్సింది కన్నీటిని. పిల్లుల్లో కళ్లకలకకు ఎక్కువగా కారణమయ్యేవి ఫెలైన్ హెర్పిస్ వైరస్, క్లామిడియా ఫెలిస్ అనే బ్యాక్టీరియా. కాలిసి వైరస్ కూడా కళ్లకు తగులుతుంది, దాంతో పాటు నోట్లో పుండ్లు పడతాయి. తుమ్ములు, ముక్కు కారడం కూడా ఉంటే హెర్పిస్ అవకాశం ఎక్కువ. క్లామిడియా చాలాసార్లు ఒక కంట్లో మొదలై కొద్దిరోజుల్లో రెండో కంటికి పాకుతుంది, రెప్పల లోపలి పొర బాగా ఉబ్బుతుంది. ఈ పిల్లి హెర్పిస్ మనుషులకు అంటదు, కానీ ఒకసారి సోకితే చాలా పిల్లుల నరాల్లో జీవితాంతం దాగి ఉంటుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఆపరేషన్ లాంటివి జరిగినప్పుడు మళ్లీ బయటపడుతుంది. మీ పిల్లికి ఏటా రెండు మూడుసార్లు ఒకే కంట్లోంచి నీరు కారుతుంటే, అంతకు ముందు వారం దాన్ని ఏది టెన్షన్ పెట్టిందో గుర్తు చేసుకోండి. కొన్ని పిల్లుల్లో ఈ వైరస్ నేరుగా ముక్కు పైన, కళ్ల చుట్టూ చర్మం మీద పుండ్లు కూడా తెస్తుంది.

కన్నీరు ఎండితే తుప్పు రంగులో కనిపిస్తుంది. అందులోని పోర్ఫిరిన్ అనే పదార్థాల వల్ల ఆ రంగు వస్తుంది, చాలామంది రక్తమనుకుని భయపడతారు. తడి గాజుగుడ్డతో తుడిస్తే ఎర్రగా కాకుండా గోధుమరంగులో వస్తే అది కన్నీటి మరకే. మరక వల్ల హాని లేదు కానీ ఆ తడిలో బ్యాక్టీరియా, ఈస్ట్ పెరిగితే చర్మం చిట్లి వాసన వస్తుంది.

చప్పిడి ముక్కు జాతులైన పర్షియన్, హిమాలయన్, ఎగ్జాటిక్ షార్ట్‌హెయిర్ పిల్లులకు ఈ బాధ జీవితాంతం ఉంటుంది. కన్నీటి నాళం వంకర తిరిగి ఉండటంతో నీరు ముక్కులోకి దిగక చెంప మీదికి కారుతుంది, ముక్కు పక్క మడతలో నిలుస్తుంది. కొన్నింటికి రెప్ప అంచు లోపలికి ముడుచుకుని వెంట్రుకలు కంటిని రాస్తూ ఉంటాయి. ఎంత శుభ్రం చేసినా నీరు ఆగకపోతే ఈ ముడత ఉందేమో చూపించాలి, దానికి సర్జరీయే దారి. పర్షియన్లలో కళ్లు, నోరు, గడ్డం చుట్టూ నల్లటి జిడ్డు పట్టి వెంట్రుకలు అట్టకట్టే మరో చర్మవ్యాధి కూడా ఉంది. అది నీళ్లతో తుడిస్తే పోయే మురికి కాదు, గట్టిగా రుద్దితే చర్మం ఇంకా దెబ్బతింటుంది.

పొడిగా ఉండి విపరీతమైన దురద ఉంటే ముందు చెవులు చూడండి. లోపల కాఫీ పొడిలాంటి నల్లటి చెత్త ఉంటే చెవి పురుగులు ఉండే అవకాశం ఎక్కువ, కంటి దగ్గర గీతలు గోకుడు వల్ల పడ్డవే. చెవి అంచుల మీద మందంగా పక్కు కట్టి, అది నుదుటి మీదికీ రెప్పల మీదికీ పాకుతుంటే పిల్లి గజ్జి కావచ్చు. దీనికి కారణం నోటోయెడ్రిస్ అనే సూక్ష్మ పురుగు. చర్మం దళసరిగా మారి ముడతలు పడుతుంది, పిల్లి రక్తం వచ్చేలా గోక్కుంటుంది. ఇతర పిల్లులకు తేలిగ్గా అంటుకుంటుంది, ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద కూడా కొన్నాళ్లు దద్దుర్లు వస్తాయి. చికిత్స సులువే. డాక్టర్ చెప్పిన మందు మెడ మీద వేయించాలి, ఇంట్లోని పిల్లులన్నిటికీ వేయించాలి.

వెంట్రుకలు గుండ్రంగా ఊడి, అక్కడ బూడిదరంగు పొట్టు రాలుతూ, దురద మాత్రం అంతగా లేకపోతే తామరను అనుమానించండి. మైక్రోస్పోరమ్ కానిస్ అనే ఫంగస్ దీనికి కారణం. కూనల్లో, పొడుగు వెంట్రుకల పిల్లుల్లో ఎక్కువ. ముఖం, చెవులు, ముందుకాళ్లు దీనికి ఇష్టమైన చోట్లు. ఇది మనుషులకూ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా చేతి మీద గుండ్రటి ఎర్రటి మచ్చ వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి, ఆ ఒక్క మాట రోగ నిర్ధారణను చాలా దగ్గర చేస్తుంది. రాలిన వెంట్రుకల్లో ఈ ఫంగస్ నెలల తరబడి బతుకుతుంది కాబట్టి పరుపులు ఉతకడం, నేల రోజూ ఊడ్చి తుడవడం చికిత్సలో భాగమే.

ఫ్లీల కోసం సన్నపళ్ల దువ్వెనతో తోక మొదలు దగ్గరా మెడ మీదా దువ్వండి. రాలిన నల్లటి రేణువులను తడిపిన తెల్ల టిష్యూ మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. ఇంటి బయట అడుగు పెట్టని పిల్లికి కూడా ఫ్లీలు వస్తాయి, మన బట్టల మీద, వేరే జంతువుల మీద లోపలికి చేరతాయి. ఎలర్జీ ఉన్న పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటూ ఉంటుంది కాబట్టి దువ్వినప్పుడు ఏమీ దొరకనంత మాత్రాన ఫ్లీలు లేవని చెప్పలేం.

దోమకాటు ఎలర్జీ కూడా ఉంది. ముక్కు దూలం మీద, చెవుల మీద, ఒక్కోసారి కళ్ల చుట్టూ పొక్కులు లేచి పక్కు కడతాయి. దోమలు రాని గదిలో వారం రోజులు ఉంచితే తగ్గుముఖం పట్టిందంటే కారణం దాదాపు దొరికినట్టే.

తిండి ఎలర్జీలో తల, మెడ, ముఖం మీద ఏడాది పొడవునా దురద ఉంటుంది. దీనికి రక్తపరీక్షలు నమ్మదగ్గవి కావు. డాక్టర్ సూచించిన ప్రత్యేక ఆహారం మాత్రమే కనీసం 8 వారాలు పెట్టి చూడటమే సరైన పరీక్ష. మధ్యలో ఒక్క ముక్క వేరేది పెట్టినా లెక్క తప్పుతుంది. ఇంట్లో అందరూ ఒక్కమాట మీద ఉంటేనే ఇది మొదలుపెట్టండి.

ఇక పొగ, రూమ్ ఫ్రెషనర్, సెంటు, ఘాటైన ఫ్లోర్ క్లీనర్, దుమ్ము లేచే లిట్టర్ (పిల్లి మలమూత్రాలకు పెట్టెలో పోసే ఇసుక లాంటిది) లాంటివి రెండు కళ్లనూ ఒకేలా మండిస్తాయి. కొత్త వస్తువు వచ్చిన రెండు మూడు రోజుల్లో మొదలైందా అని చూసుకుంటే తెలిసిపోతుంది. ఒకే వైపు, ఒక్కసారిగా వాపు వస్తే మరో పిల్లి గోరో పన్నో దిగి ఉండవచ్చు. గోరు గాయం పైకి వెంటనే మూసుకుపోయి లోపల చీము పడుతుంది, కనురెప్ప కూడా పక్కనే ఉన్న కన్ను కూడా దెబ్బతిని ఉండవచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. తెల్ల పిల్లులకు, ముఖం మీద తెల్లటి భాగాలున్న పిల్లులకు ఎండ వల్ల రెప్పల అంచు, చెవి కొన, ముక్కు మీద స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ వస్తుంది. మొదట్లో చిన్న ఎరుపు, మానినట్టే మాని మళ్లీ వచ్చే పక్కు, అంతే. రెండు మూడు వారాల్లో మానని ఏ పుండునైనా ఇంట్లో తుడుస్తూ కాలం గడపకండి. చిన్నగా ఉన్నప్పుడు తీసేస్తే మంచి ఫలితం ఉంటుంది, రెప్ప మొత్తం తిన్నాక కష్టం.

రెండు వైపులా ఒకేలా పక్కులు కట్టి, చెవుల లోపలి వైపు, ముక్కు మీద, గోళ్ల మొదళ్లలో కూడా అవే కనిపిస్తే పెంఫిగస్ అనే స్వీయ రోగనిరోధక వ్యాధి ఉండవచ్చు. దానికి ఇంట్లో చేయగలిగింది లేదు.

మూడో అడుగు: శుభ్రం చేయడం

కన్ను తెరిచి ఉంది, నొప్పి సూచనలు లేవు, ఉన్నదల్లా పుసి, మరక, కాస్త ఎరుపు అయితే ఇది మీ పని. కావాల్సినవి: మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్, గాజుగుడ్డ ముక్కలు లేదా పోగులు ఊడని కాటన్ ప్యాడ్‌లు, మెత్తటి తువ్వాలు, పిల్లికి ఇష్టమైన తిండి. సెలైన్ లేకపోతే మరిగించి చల్లార్చిన నీరు చాలు. కాంటాక్ట్ లెన్స్ కడిగే ద్రావణాన్ని సెలైన్ అనుకుని వాడకండి, దాంట్లో క్రిములను చంపే రసాయనాలుంటాయి. మామూలు దూది వాడితే పోగులు కంట్లో అంటుకుంటాయి కాబట్టి గాజుగుడ్డే మేలు.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. వస్తువులన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే పిల్లిని తీసుకురండి. మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే ఆ రోజుకు రెండో అవకాశం దొరకదు.

2. తువ్వాలు పరిచి పిల్లిని మధ్యలో కూర్చోబెట్టి, రెండు వైపుల నుంచి మెడ కింద వరకు చుట్టండి. ముందుకాళ్లు లోపలే ఉండాలి. మెడ దగ్గర బిగుతుగా ఉండకూడదు. దాని వీపు మీ పొట్టకు ఆనేలా పెట్టుకోండి. ఎదురుగా వచ్చే చెయ్యి పిల్లిని భయపెడుతుంది, వెనక నుంచి వచ్చేదాన్ని అది ఓర్చుకుంటుంది.

3. గాజుగుడ్డను గోరువెచ్చని సెలైన్‌లో తడిపి పిండి, ఎండిన పుసి మీద ఒకటి రెండు నిమిషాలు అలా ఆనించి ఉంచండి. వేడి ఎంత ఉందో ముందు మీ మణికట్టు లోపలి వైపు చూసుకోండి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. నానకముందే గిల్లితే పక్కుతో పాటు చర్మం పైపొర, వెంట్రుకలు ఊడొస్తాయి, ఆ పచ్చి చోటే మర్నాటికి ఇంకా పెద్ద పక్కు కడుతుంది.

4. మెత్తబడ్డాక కంటి లోపలి మూల నుంచి బయటికీ కిందికీ ఒక్కసారి తుడవండి. కనుగుడ్డును తాకకండి. ఒక ముక్కతో ఒక్కసారే తుడవాలి, మళ్లీ తుడవాలంటే కొత్త ముక్క తీసుకోవాలి. రెండో కంటికి వేరే ముక్కలు వాడాలి. ముందు బాగున్న కన్ను, తర్వాత బాగాలేని కన్ను.

5. రాకపోతే వదిలేయండి. సాయంత్రం మళ్లీ నానబెడితే వస్తుంది.

6. పొడి గాజుగుడ్డతో అద్ది తడి పూర్తిగా తీసేయండి. చప్పిడి ముక్కు పిల్లులకు ముక్కు పక్క మడతను వేలితో మెల్లగా విప్పి లోపల కూడా పొడిగా చేయండి. తడి మిగిల్తే శుభ్రం చేసిన ప్రయోజనం పోతుంది.

7. వెంటనే ఇష్టమైనది తినిపించండి. వదిలిన తర్వాత కాదు, ఇంకా తువ్వాల్లో ఉండగానే. అప్పుడే రేపు ఈ పనికి మళ్లీ ఒప్పుకుంటుంది.

రోజుకు రెండుసార్లు సరిపోతుంది. ఎరుపు పోవాలని గంటగంటకు తుడిస్తే రుద్దుడుకే చర్మం ఎర్రబడుతుంది. పక్కు లేకుండా దురద, వాపు మాత్రమే ఉంటే చల్లటి నీటిలో తడిపి పిండిన గుడ్డను మూసిన రెప్ప మీద రెండు మూడు నిమిషాలు ఉంచవచ్చు. ఐస్ నేరుగా పెట్టకూడదు. పిల్లి గట్టిగా ఎదిరిస్తే, ఊపిరి ఎగపోస్తే ఆపేయండి. ఒక పూట శుభ్రం చేయకపోయినా నష్టం లేదు, పెనుగులాటలో మీ గోరు కంట్లో తగిలితే ఉంది.

ఇంట్లో ఇంకా పిల్లులు ఉంటే వాడిన ముక్కలు వెంటనే పారేసి, చేతులు కడుక్కున్నాకే వాటిని ముట్టుకోండి. తామరో గజ్జో అనుమానం ఉంటే గ్లవ్స్ వేసుకోండి, డాక్టర్ చూసేదాకా ఆ పిల్లిని విడిగా ఉంచండి.

నాలుగో అడుగు: గోక్కోకుండా ఆపడం

చాలా పిల్లుల్లో మొదటి కారణం పోయినా గోకుడు వల్లే పుండు మానదు. పంజాతో రుద్దుతున్నా, వెనక కాలు ముఖం దాకా వస్తున్నా కోన్ కాలర్ (మెడకు కట్టే గరాటు లాంటి అడ్డు) పెట్టాల్సిందే. జాలి పడి తీసేసిన ఆ పది నిమిషాల్లోనే కార్నియా గీసుకుపోతుంది. కోన్ అంచు ముక్కు కొన కంటే కొంచెం ముందుకు ఉండాలి, మెడకూ పట్టీకీ మధ్య మీ రెండు వేళ్లు దూరాలి. మెడ చుట్టూ గాలి నింపే కాలర్లు వెనక కాలిని పూర్తిగా ఆపలేవు, పైగా పిల్లి వాటికే ముఖం రుద్దుకుంటుంది. అందుకే కంటి సమస్యకు గట్టి కోన్‌నే నేను నమ్ముతాను. తిండి గిన్నెను కాస్త ఎత్తు మీద పెట్టండి, లిట్టర్ బాక్స్‌కు మూత ఉంటే తీసేయండి. మొదటి రోజు వెనక్కి నడుస్తుంది, గోడలకు తగులుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. కోన్‌తో తినలేకపోతుంటే మీరు పక్కనే కూర్చుని తీసి, తినగానే పెట్టేయండి.

గోళ్ల కొనలు కత్తిరించండి. వెనక కాళ్లవి కూడా, ఎందుకంటే చెవినీ కంటినీ చేరేది అవే. పారదర్శకంగా ఉన్న కొన వరకే తీయాలి, లోపలి గులాబీ భాగంలో రక్తనాళం ఉంటుంది.

వాడకూడనివి

ఇంట్లో మిగిలిన కంటి చుక్కలే ఇక్కడ పెద్ద ప్రమాదం. మనుషులవైనా, పోయినసారి ఇదే పిల్లికి ఇచ్చినవైనా సరే. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉన్న చుక్కలు వేస్తే ఎరుపు వెంటనే తగ్గి బాగుపడినట్టు కనిపిస్తుంది. కార్నియా మీద పుండు ఉంటే అది మానకపోగా లోతుగా పోతుంది, హెర్పిస్ ఉంటే విజృంభిస్తుంది. తామరకు మనుషులు రాసుకునే క్రీముల్లో చాలావాటిలో కూడా స్టెరాయిడ్ కలిసి ఉంటుంది.

పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వకూడదు. కుక్కల ఫ్లీ మందుల్లో ఉండే పెర్మెత్రిన్ వల్ల పిల్లులకు వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. డబ్బా మీద కుక్కలకు అని ఉంటే బరువు లెక్కకట్టి తక్కువ వేసినా ముప్పే. టీ ట్రీ ఆయిల్ లాంటి సుగంధ తైలాలు, ఫినాల్ ఉన్న యాంటీసెప్టిక్‌లు పిల్లి కాలేయం సరిగ్గా విరగ్గొట్టలేదు, నాకితే ఒంట్లో పేరుకుంటాయి. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు కూడా నాకితే ప్రమాదమే. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, క్లోర్‌హెక్సిడిన్ ఒంటి మీద వేరేచోట వాడతారేమో కానీ కంటి దగ్గర పెట్టకూడదు, కార్నియాను కాలుస్తాయి. తేనె, పాలు, నూనెలు రాస్తే అంటుకుని మురికినీ క్రిములనీ పట్టి ఉంచుతాయి తప్ప మేలు చేయవు.

హెర్పిస్‌కు లైసిన్ పొడి ఇవ్వమనే సలహా ఇంకా వినిపిస్తుంది. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2015లో సమీక్షించినప్పుడు అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని తేలింది. దానికి పెట్టే ఖర్చు పరీక్షలకు పెట్టడం నయం.

ఇంట్లో మార్చాల్సినవి

సెంట్లు, రూమ్ ఫ్రెషనర్లు, పొగ పిల్లి ఉండే గదిలో ఆపేయండి. లిట్టర్ దుమ్ము తక్కువ లేచే రకానికి మార్చండి. ప్లాస్టిక్ గిన్నెల గీతల్లో జిడ్డు, బ్యాక్టీరియా నిలుస్తాయి కాబట్టి స్టీలు లేదా పింగాణీ వాడి రోజూ కడగండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది కారణమో తెలియదు కానీ, వీటివరకు అది పట్టించుకోకుండా అన్నీ మార్చేయడమే మంచిది. తిండి మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా మార్చకండి.

హెర్పిస్ తిరగబెట్టే పిల్లికి ప్రశాంతతే సగం వైద్యం. దాక్కోవడానికి ఒక మూల, ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, వేళకు తిండి ఉండాలి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ లిట్టర్ బాక్సులు పెట్టాలి. హెర్పిస్, కాలిసి వైరస్‌ల టీకా సమయానికి వేయించండి. సోకకుండా పూర్తిగా ఆపలేకపోయినా తీవ్రత తగ్గిస్తుంది. తెల్ల పిల్లిని మిట్టమధ్యాహ్నం ఎండలో, కిటికీ దగ్గర కూడా, పడుకోనివ్వకండి.

ఎన్నాళ్లు చూడాలి, డాక్టర్ ఏం చేస్తారు

రోజూ ఒకే వేళ, ఒకే వెలుతురులో ఫొటో తీయండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు. 48 గంటల్లో మెరుగు కనిపించకపోతే, ఎప్పుడైనా ముదిరితే ఇక ఆగకండి. వెళ్లే రోజు ఉదయం కన్ను తుడవకండి, ఆ పుసి, పక్కులే డాక్టర్‌కు నమూనాలు. ఇంట్లో వాడిన ప్రతి వస్తువూ దాచకుండా చెప్పండి.

కంట్లో ఫ్లోరెసిన్ అనే ఆకుపచ్చ రంగు వేసి పుండు ఉందేమో చూస్తారు. కన్నీరు ఎంత ఊరుతోందో చిన్న కాగితపు పట్టీతో కొలుస్తారు. చర్మాన్ని గీకి మైక్రోస్కోప్‌లో పురుగుల కోసం వెతుకుతారు. తామరకు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో వెంట్రుకలు మెరుస్తాయేమో చూస్తారు, అయితే అన్ని కేసుల్లోనూ మెరవవు. కల్చర్ (నమూనాలోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. మానని పుండైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రంగు పరీక్ష చేయకుండా ఎవరైనా స్టెరాయిడ్ చుక్కలు రాస్తే, కార్నియా మీద పుండు లేదని చూశారా అని మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు.

చుక్కలు వేసేటప్పుడు శుభ్రం చేసినట్టే తువ్వాల్లో చుట్టి వెనక నుంచి పట్టుకోండి. ఒక చేత్తో గడ్డం కాస్త పైకెత్తి, సీసా ఉన్న చేతి అంచును నుదుటి మీద ఆనించి పైరెప్పను వెనక్కి లాగండి. పిల్లి కదిలినా సీసా కూడా తలతో పాటే కదులుతుంది, కొన కంటికి గుచ్చుకోదు. ఒక్క చుక్క చాలు. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి, ఆయింట్‌మెంట్ ఉంటే అది చివర్లో. నియోమైసిన్, పాలిమిక్సిన్ అనే యాంటీబయాటిక్‌లు ఉన్న మందులకు అరుదుగా కొన్ని పిల్లుల్లో తీవ్రమైన ఎలర్జీ వచ్చింది. కాబట్టి కొత్త మందు మొదటిసారి వేశాక కొన్ని గంటలు పిల్లిని కనిపెట్టి ఉండండి. వాంతి, ముఖం వాపు, ఊపిరి ఇబ్బంది ఉంటే వెంటనే పరుగెత్తాలి. కన్ను రెండో రోజుకే బాగున్నట్టు కనిపించినా చెప్పినన్ని రోజులూ మందు వేయండి. కార్నియా పుండు ఉన్న పిల్లికి మళ్లీ రంగు వేసి మానిందని చూసేదాకా కోన్ తీయకండి.